పది గంటలు కూర్చునేవాళ్ళకి స్టాఫ్ చైరేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో నడుము నొప్పి మీద ఒక పేజీ వేశారు. వ్యాయామాలు బొమ్మలతో సహా బాగా ఇచ్చారు, ఆ పేజీ కత్తిరించి మా ఇంట్లో బీరువా తలుపుకి అంటించాను కూడా. కానీ అంతా చదివాక ఒక లోటు కనిపించింది. పొద్దున్నుంచి రాత్రిదాకా మనిషి దేని మీద కూర్చుని పనిచేస్తున్నాడో ఆ కుర్చీ గురించి అందులో ఒక్క ముక్క లేదు. "నిటారుగా కూర్చోండి" అని ఒక వాక్యం మాత్రం ఉంది. కుర్చీ కూర్చోనివ్వకపోతే నిటారుగా ఎలా కూర్చుంటామండీ? అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదే అవుతుంది, మీకు వీలైనంత వేసుకోండి.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆడిటర్ గారి దగ్గర 19 ఏళ్ళుగా అకౌంట్స్ రాస్తున్నాను. రాస్తున్నాను అని అలవాటుకొద్దీ అంటాం గానీ అంతా కంప్యూటర్ మీదే. 2017 జూలైలో జీఎస్‌టీ వచ్చిన దగ్గర్నుంచి మా నెలంతా తేదీల మీదే నడుస్తుంది, 11వ తేదీకి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీఆర్-1, 20వ తేదీకి పన్ను కట్టే 3బి రిటర్ను, జూలైలో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు, సెప్టెంబర్‌లో ట్యాక్స్ ఆడిట్లు. ఆ తేదీలు దగ్గర పడ్డాయంటే పొద్దున తొమ్మిదిన్నరకి కుర్చీలో కూర్చున్న మనిషి రాత్రి ఎనిమిదింటికి లేవడమే. మధ్యలో అన్నం కూడా ఆ కుర్చీలోనే, పక్కకి తిరిగి.

నేను చేరిన కొత్తలో మా ఆఫీసులో పాత టేకు కుర్చీలు ఉండేవి, పేముతో అల్లినవి. ఎండాకాలం కూడా వీపుకి గాలి తగిలేది. అల్లిక తెగిపోతే మళ్ళీ అల్లేవాళ్ళు దొరక్క ఒక్కొక్కటే అటకెక్కాయి, వాటి స్థానంలో చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. నా కుర్చీ మీద ఇంటి నుంచి తెచ్చుకున్న ఒక దిండు, వెనక ఒక తువ్వాలు. పదేళ్ళు అలాగే గడిచాయి. ఇదంతా మా సార్‌ని తప్పుపట్టడానికి రాయడం లేదు, ఆయన మంచివారు, జీతం ఒకటో తేదీ దాటనివ్వరు. అసలు కుర్చీ గురించి ఆలోచించాలని మా ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

2022లో సెప్టెంబర్ ఆడిట్లు అయిపోయిన వారానికి ఒక పొద్దున మంచం దిగబోతే ఎడమ పిరుదు దగ్గర్నుంచి పిక్క దాకా కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంది. అడుగు వేయలేకపోయాను. డాక్టర్ గారు ఎమ్మారై రాశారు. నడుము దగ్గర ఎల్4, ఎల్5 పూసల మధ్య మెత్తటి దిండులా ఉండే డిస్కు ఉబ్బి నరాన్ని తాకుతోందన్నారు. మూడు వారాలు సెలవు, మందులు, బెల్టు. "కూర్చోవడం తగ్గించండమ్మా" అన్నారు. సరే అన్నాను గానీ ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది. నా పనే కూర్చోవడం కదా, తగ్గించుకుంటే ఇల్లెలా గడుస్తుంది?

అప్పుడు మంచి కుర్చీ కొనుక్కుందామనుకున్నాం. మావారు ఆన్‌లైన్‌లో వెతికి వెతికి 11,500 రూపాయలు పెట్టి ఒకటి తెప్పించారు. పేరులోనే "ఎర్గోనామిక్" అని పెద్ద అక్షరాలు, తలకి ఆనే దిండు, పైకీ కిందకీ జరిగే చేతులు, అన్నీ ఉన్నాయి. ఆయనే ఆదివారమంతా కూర్చుని నట్లు బిగించి సోమవారం బండి మీద ఆఫీసుకి చేర్చారు. ఆ కుర్చీలో కూర్చున్నాక నా నొప్పి తగ్గలేదు, పెరిగింది. సాయంత్రానికి పాదాలు వాచేవి, తొడల వెనక గీత పడి తిమ్మిరెక్కేది. అంత డబ్బు పోసి తెచ్చిన మనిషికి ఈ మాట ఎలా చెప్పను? సంక్రాంతి దాకా చెప్పలేదు.

సంక్రాంతి సెలవులకి మా అమ్మాయి వచ్చింది. అది ఫిజియోథెరపీ చదువుతోంది. ఏదో పని మీద ఆఫీసుకి వచ్చి నన్ను పక్క నుంచి చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "అమ్మా, నీ కాళ్ళు నేలకి ఆనట్లేదే" అంది. నిజమే, మునివేళ్ళు తప్ప ఆనట్లేదు. కింద మోకాళ్ళ మీద కూర్చుని నా మోకాలి వెనక వేళ్ళు పెట్టి చూసింది, సీటు అంచు నేరుగా అక్కడే ఒత్తుకుంటోంది, వేలు కూడా దూరలేదు. "ఇలా ఒత్తుకుంటే ఎవరైనా ముందుకి జరిగిపోతారమ్మా, నువ్వు జరిగిపోయావు, నీ వీపు అసలు కుర్చీకి ఆనడమే లేదు, ఇంత పెద్ద కుర్చీ కొని నువ్వు దాని అంచు మీద, స్టూలు మీద కూర్చున్నట్టు కూర్చుంటున్నావు" అంది. నాకు ఆ క్షణం దాకా తెలియలేదు, ఇన్నాళ్ళుగా ఆ కుర్చీ వీపు భాగాన్ని నేను వాడనే లేదని.

ఆ సాయంత్రం నా కుట్టుమిషన్ సొరుగులోంచి టేపు తీసి కొలిచింది. చెప్పులు లేకుండా నేల నుంచి నా మోకాలి వెనక మడత దాకా 15 అంగుళాలు. ఆ కుర్చీ సీటు ఎంత కిందకి దించినా 18 అంగుళాల దగ్గర ఆగిపోతుంది. మూడు అంగుళాల తేడా! నేను అయిదడుగుల మనిషిని. మన ఊళ్ళల్లో అయిదడుగుల ఆడవాళ్ళు వింతేమీ కాదు కదా, మా ఆఫీసులో ఉన్న నలుగురం ఇంచుమించు అంతే.

ఈ కుర్చీల కొలతలు చాలావరకు పొడుగు మనుషులకి, అదీ బూట్లు వేసుకుని కూర్చునేవాళ్ళకి సరిపోయేలా పెట్టినవి. సీటు ఎత్తు లెక్కేసేటప్పుడు చెప్పుల మందం కూడా కలుపుతారట. మన చిన్న ఆఫీసుల్లో చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వస్తాం. దేవుడి పటం ఉంటుంది, లక్ష్మి ఉండే చోటని. అంటే ఆ అంగుళం కూడా మనకి పోయినట్టే. మనవాళ్ళ కొలతలు లేక ఇలా జరుగుతోందా అంటే అదీ కాదు, అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వాళ్ళు 1997లోనే భారతీయుల శరీర కొలతలు పుస్తకంగా అచ్చు వేశారు. మోకాలి ఎత్తు, తొడ పొడవు, మోచేయి ఎత్తు, ఆడవాళ్ళవి వేరుగా మగవాళ్ళవి వేరుగా, అన్నీ అందులో ఉన్నాయి. కొలతలు చేతిలో పెట్టుకుని కూడా ఒకే సైజు కుర్చీ దేశమంతా అమ్ముతుంటే ఏమనాలి?

డిస్కుకి నొప్పి ఎందుకొస్తుందో కూడా అమ్మాయే చెప్పింది. నాకు అర్థమైనట్టు రాస్తాను. నిలబడ్డప్పుడు మన నడుము దగ్గర లోపలికి ఒక వంపు ఉంటుంది. ఆనుకోకుండా కూలబడి కూర్చుంటే కటి ఎముక వెనక్కి తిరిగి ఆ వంపు పోతుంది, డిస్కు ముందు వైపు నలుగుతుంది, వెనక వైపు, అంటే నరాలుండే వైపు, ఉబ్బుతుంది. 1960ల్లో స్వీడన్‌లో ఆల్ఫ్ నాకెమ్సన్ అనే డాక్టరు బతికున్న మనుషుల డిస్కులోకి సూది పంపి ఒత్తిడి కొలిచారట, నిలబడ్డప్పటి కంటే ఆనకుండా కూర్చున్నప్పుడే ఎక్కువని తేల్చారు. 1999లో జర్మనీలో మళ్ళీ కొలిస్తే మామూలుగా కూర్చుంటే నిలబడ్డదానికి పెద్ద తేడా లేదనీ, వెనక్కి వాలితే ఇంకా తగ్గుతుందనీ, బాగా ముందుకి వంగి కూర్చుంటే మాత్రం నిలబడ్డదానికి ఒకటిన్నర రెట్లు దాటుతుందనీ వచ్చింది. రెండు లెక్కలూ పూర్తిగా కలవవు గానీ నాలాంటి దానికి కావలసింది రెండింట్లోనూ ఉంది, ముందుకి వంగి ఉండిపోకూడదు, వీపుకి ఆనుకోవడానికి ఏదైనా ఉండాలి. "నిటారుగా" అని కర్రలా కూర్చోవడం కూడా అక్కర్లేదు, కొంచెం వెనక్కి వాలి, సీటుకీ వీపుకీ మధ్య వంద నూట పది డిగ్రీల దగ్గర ఆనుకుంటే నడుముకి సుఖం.

ఆ రోజుకి అమ్మాయి చేసింది చిన్న పనే. ఇంట్లో మా అత్తగారి పీట ఒకటి ఉంది, మూడు అంగుళాల ఎత్తు, కూరలు తరుక్కునేటప్పుడు వేసుకునేది. దాన్ని తెచ్చి నా కాళ్ళ కింద పెట్టింది. ఒక చేతి తువ్వాలు గట్టిగా చుట్టి నడుం దగ్గర, చీర కుచ్చిళ్ళు దోపుకునే చోటుకి సరిగ్గా వెనక పెట్టి, "ఇప్పుడు పిరుదులు పూర్తిగా వెనక్కి జరుపు" అంది. సీటు లోతు ఎక్కువ కాబట్టి వెనక ఒక దిండు కూడా పెట్టాల్సి వచ్చింది. రెండు వారాలకి పాదాల వాపు పోయింది. నెలన్నరకి తిమ్మిరి పోయింది. కాలి నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను, ఇప్పటికీ రెండు మూడు గంటలు కదలకపోతే గుర్తు చేస్తుంది, కానీ మాత్రలు మానేశాను.

అయినా పీటలూ తువ్వాళ్ళూ ఎన్నాళ్ళు? మరుసటి ఏడాది ఆ కుర్చీ మావారికి ఇచ్చేసి, ఆయన ఆరడుగులకి దగ్గర, ఆయనకి చక్కగా సరిపోయింది, నాకు ఇంకోటి కొనడానికి షాపుకి వెళ్ళాం. ఈసారి టేపు పర్సులో పెట్టుకుని వెళ్ళాను.

షాపులో కుర్రాడు మొదట అడిగిన మాట ఏమిటో తెలుసా? "ఎవరికి మేడమ్, సార్‌కా, స్టాఫ్‌కా?" అక్కడ కుర్చీల పేర్లే అలా ఉన్నాయి, బాస్ చైర్, మేనేజర్ చైర్, ఎగ్జిక్యూటివ్ చైర్, స్టాఫ్ చైర్, విజిటర్ చైర్. నేను నాలుగు షాపులు తిరిగాను, రోజుకి ఎన్ని గంటలు కూర్చుంటారమ్మా అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. బాస్ చైర్ అంటే వీపు తలదాకా ఉంటుంది, నల్ల రెక్సిను, ఉబ్బెత్తు దిండ్లు. స్టాఫ్ చైర్ అంటే వీపు సగానికే ఆగిపోతుంది, చాలావాటికి చేతులుండవు, ఎత్తు మార్చే కాడ ఉంటే అదృష్టం. మా ఆఫీసులో సార్ కుర్చీలో ఉండేది రోజుకి రెండు మూడు గంటలు, మిగతా టైమంతా క్లయింట్ల దగ్గర, డిపార్ట్‌మెంట్ల చుట్టూ. మేము ఉండేది పది గంటలు. కుర్చీ అంటే మనకి చిన్నప్పట్నుంచీ పదవి, మర్యాద. పెద్దవాళ్ళు వస్తే లేచి కుర్చీ వేస్తాం, అందులో తప్పేమీ లేదు. కానీ పనిచేసే చోట అది కత్తెర, కుట్టుమిషన్ లాంటి పనిముట్టు. దర్జీకి మొండి కత్తెర ఇచ్చి షాపు యజమాని పదునైనది జేబులో పెట్టుకుంటే ఎలా ఉంటుంది? ఏ ఆఫీసుకి వెళ్ళినా అలాగే కనిపిస్తోంది నాకు.

ఆ రోజు ఏడు కుర్చీల్లో కూర్చుని చూశాను. కూర్చోవడం అంటే ఒక నిమిషం కాదు, ఒక్కోదాంట్లో పది పదిహేను నిమిషాలు, ముందు బల్ల వేయమని అడిగి, చేతులు టైపు కొడుతున్నట్టు పెట్టి. కుర్రాడికి విసుగొచ్చింది గానీ షాపు యజమాని పెద్దాయన, "కూర్చోండమ్మా, పర్లేదు, చీర కొనేటప్పుడు పది విప్పించరా" అని మంచినీళ్ళు కూడా ఇప్పించారు. మెత్తగా ఉన్న కుర్చీ మొదటి నిమిషం స్వర్గంలా ఉంటుంది. పదో నిమిషానికి అందులో కూరుకుపోయి నడుము గుండ్రమైపోతుంది. సీటు మీద బొటనవేలితో గట్టిగా నొక్కితే లోపలి చెక్క తగిలేలా ఉంటే ఆ ఫోమ్ ఏడాదికి అప్పడం అయిపోతుందని ఆయనే చూపించారు.

రెక్సిన్ వద్దని ముందే అనుకున్నాను. మే నెలలో మా గుంటూరు ఎండకి, కరెంటు పోతే, రెక్సిన్ కుర్చీలో జాకెట్టు వీపుకి అంటుకుపోతుంది, రెండేళ్ళకి పొట్టు పొట్టుగా ఊడి చీర నిండా అంటుకుంటుంది. వీపుకి మెష్, అంటే వల లాంటి గుడ్డ, సీటుకి ఫోమ్ ఉన్నది మన ఎండలకి మేలనిపించింది. పాత పేము కుర్చీ సుఖం ఆ మెష్‌లో కొంత తిరిగొచ్చింది. సీటు కూడా వలదే అయితే కొన్నాళ్ళకి మధ్యలో సాగి ఉయ్యాలలా వేలాడుతుంది, కొనేటప్పుడు చూసుకోవాలి.

చివరికి నచ్చిన కుర్చీ కూడా 18 అంగుళాల దగ్గరే ఆగిపోయింది. నా మొహం చూసి పెద్దాయన, "సిలిండర్ మారుద్దాం ఉండండమ్మా" అన్నారు. నాకు అప్పటిదాకా తెలియని సంగతి ఇది, అందుకే వివరంగా రాస్తున్నాను. కుర్చీని పైకీ కిందకీ చేసే ఆ ఇనుప గొట్టంలో నైట్రోజన్ గ్యాస్ ఒత్తిడితో ఉంటుంది, దాన్ని గ్యాస్ లిఫ్ట్ అంటారు. ఆ గొట్టాలు పొట్టివీ పొడుగువీ వస్తాయి. పొట్టిది వేయించుకుంటే కుర్చీ ఇంకా కిందకి దిగుతుంది. లోపలికి పోయి ఒకటి వెతికి తెచ్చి, పాతది సుత్తితో తట్టి ఊడదీసి, ఇది బిగించారు. 16 అంగుళాలకి దిగింది. కూర్చుంటే ఫోమ్ ఇంకో అర అంగుళం దిగుతుంది. పాదాలు పూర్తిగా నేలకి ఆనాయి. ఎడిటర్ గారూ, మామూలు మనిషికి ఇదేం పెద్ద విషయం అనిపించొచ్చు, నాకు మాత్రం అరికాళ్ళు చల్లటి గచ్చుకి తగిలేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిలిండర్‌తో కలిపి 7,800 అయింది. మొదటి కుర్చీకి పోసినదానికంటే తక్కువే. ఈ సిలిండర్ మార్చడం మాత్రం ఇంట్లో ఎవరూ ప్రయత్నించొద్దు, గ్యాస్ ఒత్తిడి మీద ఉంటుంది, తెలిసినవాళ్ళే చేయాలి.

మిగతా కొలతలు అమ్మాయి చెప్పినవీ నాకు అనుభవంలో తెలిసినవీ కలిపి చెప్తాను. పూర్తిగా వెనక్కి జరిగి ఆనుకున్నాక సీటు అంచుకీ మోకాలి వెనక మడతకీ మధ్య రెండు మూడు వేళ్ళు దూరాలి, దూరకపోతే ఆ సీటు మీకు లోతెక్కువ, ఎంత ఖరీదుదైనా వదిలేయండి, లేదా సీటు ముందుకీ వెనక్కీ జరిగే రకం తీసుకోండి. నడుం దగ్గరి ఉబ్బు సరిగ్గా మీ నడుం వంపులోకే రావాలి, పొట్టివాళ్ళకి అది వీపు మధ్యలోకి వచ్చి ముందుకి తోస్తుంది, అందుకని పైకీ కిందకీ జరిగేది చూసుకోవాలి. చేతులు పెట్టుకునే దిమ్మెలు భుజాలు పైకి లేవకుండా మోచేతులు ఊరికే ఆనేంత ఎత్తులో ఉండాలి, బల్ల కిందకి దూరాలి. దూరకపోతే కుర్చీ బల్లకి దూరమైపోతుంది, మనం కంప్యూటర్ వైపు వంగుతాం, మళ్ళీ మొదటికే వస్తుంది కథ. సీటు కింద ఒక గుండ్రటి మర ఉంటుంది, వెనక్కి వాలడం ఎంత గట్టిగా ఉండాలో దానితో సరిచేసుకోవాలి, మన బరువుకి తగ్గట్టు. మా ఆఫీసులో ఎవరికీ అది ఎందుకో తెలియదు, నేనూ అంతకుముందు దాన్ని ముట్టుకోలేదు. అది బిగుసుకుపోయి ఉంటే కుర్చీ వాలదు, వాలని కుర్చీలో మనిషి ముందుకే వంగుతాడు.

ఆడవాళ్ళకి ఇంకో మాట. చక్రాల కుర్చీలో కూర్చునేటప్పుడు చున్నీ గానీ కొంగు గానీ కింద వేలాడితే చక్రంలో పడి చుట్టుకుంటుంది. మా కొలీగ్ ఒకావిడ లేవబోయి చున్నీ మెడకి బిగుసుకుని పడిపోయింది, దేవుడి దయ వల్ల దెబ్బ తగల్లేదు. కొంగు దోపుకుని కూర్చోవడం అలవాటు చేసుకోండి. గచ్చు నున్నగా ఉండే గ్రానైటు, టైల్స్ గదుల్లో గట్టి ప్లాస్టిక్ చక్రాలు జారతాయి, మెత్తటి రబ్బరు లాంటి చక్రాలు వేయించుకోవచ్చు. కింద కాళ్ళు అయిదు ఉన్నది తీసుకోవాలి.

కుర్చీ ఒక్కటే మారిస్తే సరిపోదు, బల్ల కూడా చూడాలి. మా బల్లలు 30 అంగుళాల ఎత్తు. నా కుర్చీ కిందకి దించాక బల్ల నా గుండెల దాకా వచ్చింది, భుజాలు ఎత్తి టైపు కొట్టాల్సి వచ్చింది. వడ్రంగిని పిలిపించి బల్ల కింద కీబోర్డుకి బయటికి లాగే పలక పెట్టించాం, నాలుగు అంగుళాలు కలిసొచ్చాయి. మానిటర్ కింద రెండు పాత లెడ్జర్లు పెట్టాను, పై అంచు కంటి ఎత్తుకి వచ్చింది. ఇంకోటి, అకౌంట్స్ వాళ్ళకి మాత్రమే తెలిసే బాధ, బిల్లులూ ఓచర్లూ బల్ల మీద ఎడమ పక్కన పరిచి, వంగి చూసి, తలెత్తి కొట్టి, మళ్ళీ వంగి, రోజుకి కొన్ని వందలసార్లు. మా ఇంట్లో రామాయణం పారాయణకి వాడే వ్యాసపీఠం లాంటిదే ఇంకోటి కొని ఆఫీసుకి తెచ్చుకున్నాను. ఓచర్ల కట్ట దాని మీద నిలబెడతాను. మెడ పట్టేయడం ఆ నెల నుంచే తగ్గింది. ల్యాప్‌టాప్ వాడేవాళ్ళయితే దాన్ని ఎత్తు మీద పెట్టి కీబోర్డు విడిగా తగిలించుకోవడం తప్ప వేరే దారి లేదు.

ఇంత చేసినా లేవకుండా ఉంటే లాభం లేదు. డిస్కులోకి సొంతంగా రక్తనాళాలు ఉండవట, కదిలినప్పుడే దానికి కావలసిన పోషణ లోపలికి ఇంకుతుందట. నేను అరగంట, ముప్పావు గంటకి ఒకసారి లేచి మంచినీళ్ళ దాకా వెళ్ళొస్తాను. సీసా పక్కన పెట్టుకోవడం కావాలనే మానేశాను.

ప్రకటనల గురించి కూడా ఒక మాట. ఆన్‌లైన్‌లో చాలా కుర్చీల మీద బిఫ్మా సర్టిఫికెట్ అని గొప్పగా వేస్తారు. అది అమెరికా ఫర్నిచర్ తయారీదారుల సంఘం, ఆ పరీక్షలు ముఖ్యంగా కుర్చీ విరగకుండా ఎంత బరువు, ఎన్నాళ్ళు ఆగుతుందో చూసేవి. మంచిదే, కానీ అది మీ ఒంటికి సరిపోతుందని దానర్థం కాదు. వస్తువులకి ప్రమాణాలు పెట్టే మన బీఐఎస్ (బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్) కూడా 2022లో పని కుర్చీలకి ఐఎస్ 17631 అని ఒక ప్రమాణం ఇచ్చింది. షాపులో దాని గురించి అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు, అడిగేవాళ్ళు పెరిగితే వాళ్ళూ తెలుసుకుంటారు. ఇక పిల్లలు అడిగే గేమింగ్ చైర్లు రేసు కారు సీటు మాదిరి చేసినవి, భుజాల దగ్గర రెక్కలు ముందుకి తోస్తాయి, చదువుకీ టైపింగ్‌కీ నేనైతే కొనను. డబ్బు తక్కువ ఉంటే హైదరాబాద్ లాంటి చోట్ల సాఫ్ట్‌వేర్ కంపెనీలు వాడి తీసేసిన మంచి కుర్చీలు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి, కొత్త చవకరకం కంటే అవే నయం, సిలిండర్, చక్రాలు చూసి తీసుకుంటే.

అసలు కుర్చీయే లేనివాళ్ళు గుర్తొచ్చి ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను. మా ఊరి బట్టల షాపుల్లో ఆడపిల్లలు పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే ఉంటారు, కస్టమర్ లేనప్పుడు కూడా. కేరళలో కోళికోడ్ ఊళ్ళో మిఠాయి తెరువు అనే బజారు షాపుల్లో ఇలాంటి ఆడవాళ్ళ కోసమే పి. విజి అనే దర్జీ పని చేసే ఆవిడ "పెన్‌కూట్టు" అనే సంఘం పెట్టి పోరాడితే 2018లో అక్కడి ప్రభుత్వం చట్టం మార్చి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా ఇచ్చింది. ఫ్యాక్టరీల్లో నిలబడి పనిచేసేవాళ్ళకి వీలున్నప్పుడు కూర్చునే ఏర్పాటు చేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. మన రెండు రాష్ట్రాల్లో ఈ మాట గట్టిగా ఎత్తాల్సింది మీలాంటి పత్రికలే. హైదరాబాద్ అశోక్‌నగర్ స్టడీ హాళ్ళలో, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివే పిల్లలు కూడా ఏళ్ళ తరబడి ఏది దొరికితే దాని మీద కూర్చునే చదువుతున్నారు. ఉద్యోగం వచ్చేసరికి నడుము పోతే ఆ ఉద్యోగం ఏం చేసుకుంటారు?

నేను అడిగేది పెద్ద కోరికలేమీ కాదు. షాపువాళ్ళు కుర్చీకి కట్టే చీటీ మీద ధరతో పాటు సీటు అన్నిటికంటే కిందకి ఎంత దిగుతుందో, సీటు లోతు ఎంతో అంగుళాల్లోనో సెంటీమీటర్లలోనో రాయాలి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు ఎంత ఎత్తు మనిషి నుంచి ఎంత ఎత్తు మనిషి దాకా సరిపోతుందో చెప్పాలి, పొట్టి సిలిండర్ అడిగితే ఇవ్వాలి. సచివాలయాలకీ మీసేవ కేంద్రాలకీ బ్యాంకులకీ వందల్లో కుర్చీలు కొనేటప్పుడు అన్నీ ఒకే సైజువి కాకుండా కొన్నయినా పొట్టివాళ్ళకి పనికొచ్చేవి తీసుకోవాలి. చిన్న ఆఫీసుల యజమానులు, మా సార్ లాంటివాళ్ళు, ముందు ఎవరు ఎక్కువ గంటలు కూర్చుంటారో వాళ్ళ కుర్చీ మార్చాలి, తమది తర్వాత. నా ఎమ్మారైకి, మందులకి, మూడు వారాల జీతం కోతకి అయినదాంతో మా ఆఫీసులో ఇద్దరికి మంచి కుర్చీలు వచ్చేవి, లెక్కలు రాసేదాన్ని కాబట్టి ఈ లెక్క కూడా వేసి చూశాను. అదే కాగితం మా సార్ బల్ల మీద పెట్టాను. రెండుసార్లు చదివారు. "నిజమేనమ్మా, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు" అన్నారు.

మూడు నెలల కిందట మా ఆఫీసులో ఒక కొత్త అమ్మాయి చేరింది, బీకాం అయిపోగానే వచ్చింది, 22 ఏళ్ళు, నాకంటే ఇంకో రెండంగుళాలు తక్కువ. ఇప్పుడు నా పాత ప్లాస్టిక్ కుర్చీలో, మా అత్తగారి పీట మీద కాళ్ళు పెట్టుకుని 3బిలు చేస్తోంది. వచ్చే శనివారం సార్ ఇచ్చిన డబ్బు తీసుకుని ఆ అమ్మాయిని అదే షాపుకి తీసుకెళ్తున్నాను. టేపు పర్సులోనే ఉంది.

ఇట్లు,
ఒక అకౌంటెంట్,
బ్రాడీపేట, గుంటూరు